రైలు కిరాయి రహస్యం
కిరసనాయిలు శతాబ్దం – ఆరో భాగం

1872 ఫిబ్రవరి 26. పెన్సిల్వేనియా చమురు ఊళ్లలో పొద్దున్నే పేపరు విప్పినవాళ్లకు నోట మాట రాలేదు. రైల్వేలు చమురు రవాణా కిరాయిని ఒక్క దెబ్బన రెట్టింపు చేస్తున్నాయట. అందరికీ కాదట. ‘సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ’ అని ఒకటుందట, అందులో వాటా ఉన్నవాళ్ల మీద మాత్రం ఆ భారం పడదట. ఆ పేరు అక్కడ బావులు తవ్వుకునేవాళ్లెవరూ అంతకుముందు వినలేదు.

మర్నాడు టైటస్‌విల్ ఒపేరా హౌస్‌లో మూడు వేల మంది పోగయ్యారు. డ్రేక్ మొదటి బావి తవ్విన ఊరే అది. 1859లో అక్కడ చమురు పడడం, పిట్‌హోల్ అనే ఊరు నెలల్లో పదిహేను వేల జనాభాకు పెరిగి అయిదేళ్లకే పాడుబడిపోవడం కిందటి భాగాల్లో చూశాం. ధర పీపాకు పది డాలర్లు పలికిన ఏడాదికే పది సెంట్లకు పడిపోయినా తట్టుకున్న మనుషులు వాళ్లు. నష్టం వాళ్లకు కొత్త కాదు. కానీ ఈసారి ధర సంతలో పడలేదు. ఎక్కడో గదిలో కూర్చుని నలుగురు రాసుకున్న కాగితం మీద పడింది. జనం రగిలిపోయింది అందుకే.

ఆ కాగితంలో ఏముందో నిదానంగా చూడాలి. ఆ తర్వాత నలభై ఏళ్ల గొడవకు బీజం అందులోనే ఉంది.

క్లీవ్‌లాండ్ నగరంలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ అనే యువకుడు అప్పటికి చమురు శుద్ధి వ్యాపారంలో పేరు తెచ్చుకున్నాడు. పదహారేళ్ల వయసులో ‘హ్యూవిట్ అండ్ టటిల్’ అనే కొట్లో లెక్కలు రాసే గుమాస్తాగా చేరినవాడు. సెంటు తేడా వచ్చినా వదలనివాడు. 1870 జనవరిలో పది లక్షల డాలర్ల మూలధనంతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని రిజిస్టరు చేశాడు. అతని భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్‌ది మరో ప్రజ్ఞ. రైల్వే అధికారుల దగ్గరికెళ్లి, రోజుకు అరవై వ్యాగన్ల సరుకు తప్పకుండా ఇస్తాం, కిరాయి ఎంత తగ్గిస్తారని బేరమాడేవాడు. రోజూ నిండు వ్యాగన్లు దొరికితే రైలుకూ లాభమే. ఇంతవరకు తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కువ సరుకు కొనేవాడికి ధర తగ్గించడం ఏ బజార్లోనైనా ఉన్నదే.

సౌత్ ఇంప్రూవ్‌మెంట్ ఒప్పందం ఆ గీత దాటింది. 1872 జనవరిలో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్, ఈరీ అనే మూడు పెద్ద రైల్వేలు గుట్టుగా ఆ కంపెనీతో చేయి కలిపాయి. చమురు రవాణాను 45, 27.5, 27.5 శాతాల చొప్పున పంచుకుందామని రైల్వేలు మాటనుకున్నాయి. ముడి చమురును పశ్చిమ పెన్సిల్వేనియా నుంచి క్లీవ్‌లాండ్‌కు మోయడానికి పీపాకు 80 సెంట్లు కిరాయి అనుకుంటే, కంపెనీ సభ్యుడికి అందులో 40 సెంట్లు రిబేటుగా వెనక్కి వస్తాయి. బయటివాడు 80 కట్టాలి. ఆ బయటివాడు కట్టిన 80లోంచి కూడా 40 సెంట్లు ఈ కంపెనీకే పోతాయి. పోటీదారుడు పీపా పంపిన ప్రతిసారీ తన పీక నొక్కేవాడికి తానే కూలి ఇచ్చుకోవాలన్నమాట. ఇదొక్కటే కాదు. ఎవరు ఏ సరుకు ఎక్కడికి పంపుతున్నారో తెలిపే రైల్వే కాగితాలు రోజువారీగా కంపెనీకి అందాలనీ రాసుకున్నారు. కంపెనీ రెండు వేల వాటాల్లో తొమ్మిది వందలు స్టాండర్డ్ ఆయిల్ మనుషులవే.

మన పల్లెల్లో చెరువు తూము ఎవరి చేతిలో ఉందో చూస్తే ఆయకట్టులో ఎవరి పొలం పండుతుందో చెప్పేయవచ్చు. దుక్కి, ఎరువు, కష్టం అన్నీ తర్వాత. పెన్సిల్వేనియా చమురుకు రైలు అలాంటి తూము. ఎవరి రిఫైనరీ మెరుగైనదన్న పోటీ జరగకముందే, ఎవరి పీపా ఊరు దాటుతుందన్న దగ్గరే ఫలితం తేలిపోయేది.

టైటస్‌విల్ జనం గట్టిగానే కొట్లాడారు. ఆ కంపెనీతో సంబంధమున్న ఎవరికీ ముడి చమురు అమ్మకూడదని కట్టుబాటు చేసుకున్నారు. కొత్త బావులు తవ్వడం ఆపేశారు. నెల తిరిగేసరికి రైల్వేలు దిగివచ్చి, ఇకపై అందరికీ ఒకటే కిరాయి అని రాసిచ్చాయి. ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా శాసనసభ సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అనుమతిని రద్దు చేసింది. ఆ ఒప్పందం కింద ఒక్క పీపా కూడా కదలలేదు.

జనం గెలిచారనే అనిపిస్తుంది కదా? అదే సమయంలో క్లీవ్‌లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి వరకు, ఆరు వారాల్లో, రాక్‌ఫెల్లర్ ఆ ఊళ్లో తనకు పోటీగా ఉన్న ఇరవై ఆరు రిఫైనరీల్లో ఇరవై రెండింటిని కొనేశాడు. ఒప్పందం అమలు కానక్కరలేదు, వస్తోందన్న భయమే చాలింది. నగదు కావాలా, స్టాండర్డ్ వాటాలు కావాలా అని అడిగేవాడు. చాలామంది నగదే తీసుకున్నారు. వాటాలు తీసుకున్నవాళ్ల పిల్లలు కోటీశ్వరులయ్యారని తర్వాత రాక్‌ఫెల్లర్ వైపువాళ్లు గొప్పగా చెప్పేవారు. నిజమే. అమ్మనని మొండికేస్తే ఏమయ్యేదో మాత్రం వాళ్లు చెప్పరు. అమ్ముకున్నవాళ్లలో ఐజాక్ హ్యూవిట్ కూడా ఉన్నాడు. ఒకప్పుడు రాక్‌ఫెల్లర్‌కు గుమాస్తా కొలువిచ్చిన యజమాని ఆయనే.

ఇక ‘అందరికీ ఒకటే కిరాయి’ అన్న రాతకోతల సంగతి. కొన్ని వారాల్లోనే స్టాండర్డ్‌కు రిబేట్లు మళ్లీ మొదలయ్యాయి. రైల్వే ఇచ్చిన మాటను నిలబెట్టించే అధికారి ఎవరూ లేరు. కిరాయి పట్టిక బయట పెట్టాలన్న చట్టం లేదు. ఫిర్యాదు చేయడానికి గుమ్మం లేదు. జనం కోపానికి నెల రోజుల ఆయుష్షుంటుంది. కంపెనీ లెడ్జరు అలా కాదు, ఏళ్ల తరబడి ఓపిక పడుతుంది.

1879 నాటికి అమెరికాలో శుద్ధి అయ్యే చమురులో తొంభై శాతం స్టాండర్డ్ చేతికి వచ్చింది. ఆ ఏడాదే టైడ్‌వాటర్ అనే స్వతంత్ర కంపెనీ ఒక సాహసం చేసింది. రైలుతో పని లేకుండా అలెగెనీ కొండల మీదుగా 110 మైళ్ల పైపులైను వేసింది. కొండ మీదికి చమురు ఎక్కదని నవ్వినవాళ్లున్నారు. ఎక్కింది. ఆ నవ్వినవాళ్లలో రాక్‌ఫెల్లర్ లేడు, వెంటనే తన పైపులైన్లు తాను వేయించాడు. 1883 కల్లా టైడ్‌వాటర్ రాజీకొచ్చి, మొత్తం పైపు రవాణాలో పదకొండున్నర శాతంతో సరిపెట్టుకుంది. తూము మారింది, పట్టుకున్న చెయ్యి మారలేదు.

స్టాండర్డ్ తరఫు వాదన తేలిగ్గా తోసేయదగ్గది కాదు. 1870లో గ్యాలను 26 సెంట్లున్న కిరసనాయిలు పదిహేనేళ్లలో 8 సెంట్లకు దిగింది. పేదవాడి ఇంట్లో రాత్రిపూట దీపం వెలిగింది. రాక్‌ఫెల్లర్ ఫ్యాక్టరీల్లో దుబారా ఉండేది కాదు. పీపాలు తానే చేయించుకునేవాడు, ఇతరులు వాగులో పారబోసే వ్యర్థంలోంచి మైనం, కందెన తీసి అమ్మేవాడు. పనితనంలో అతన్ని మించినవాడు లేడు. అయితే నాకో సందేహం. అంత పనితనం ఉన్నవాడికి ఎదుటివాడి కిరాయిలో నలభై సెంట్లు ఎందుకు కావాల్సి వచ్చాయి? సొంత సత్తాతో గెలవగలిగినవాడు కూడా అవకాశం దొరికితే పందెం దారినే కొనేస్తాడు. మంచి వ్యాపారికి కూడా నిబంధన కావాలనడానికి రాక్‌ఫెల్లర్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు.

ఇక చట్టాల కథ. ఇందులో కొంత హాస్యం కూడా ఉంది.

1882 జనవరిలో శామ్యూల్ డాడ్ అనే న్యాయవాది స్టాండర్డ్ కోసం ‘ట్రస్టు’ అనే ఏర్పాటు రాశాడు. వేర్వేరు రాష్ట్రాల్లోని నలభై కంపెనీల వాటాదారులు తమ వాటాలను తొమ్మిది మంది ధర్మకర్తలకు అప్పగించి సర్టిఫికెట్లు తీసుకున్నారు. కాగితం మీద నలభై కంపెనీలు, నడిపేది మాత్రం న్యూయార్కులోని ఒకే గది. కిటుకు చూసి చక్కెరవాళ్లు, సారావాళ్లు, సీసంవాళ్లు అదే పని చేశారు. మరోవైపు రైతులు, చిన్న వర్తకులు రైల్వేల మీద మండిపడుతున్నారు. 1887లో అమెరికా కాంగ్రెస్ అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం చేసింది. కిరాయిలు ‘సమంజసంగా’ ఉండాలి, పట్టిక ప్రచురించాలి, రిబేట్లు ఇవ్వకూడదు అంది. అయిదుగురు సభ్యుల కమిషన్‌ను పెట్టింది. కానీ కిరాయి నిర్ణయించే అధికారం దానికి ఇవ్వలేదు.

1890 జులై 2న షెర్మన్ చట్టం వచ్చింది. ఒహాయో సెనేటర్ జాన్ షెర్మన్ పేరు మీద. వాణిజ్యాన్ని అడ్డుకునే కుమ్మక్కులు, గుత్తాధిపత్య ప్రయత్నాలు నేరమని తేల్చింది. సెనేట్‌లో 51 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. ప్రతినిధుల సభలో 242–0. ఇంత ఏకగ్రీవంగా ఒక చట్టం పాసైతే నాకు అనుమానమొస్తుంది. దెబ్బ తగులుతుందని ఎవరూ భయపడలేదన్నమాట. జరిగిందీ అదే. 1895లో చక్కెర శుద్ధిలో 98 శాతం చేతిలో పెట్టుకున్న ట్రస్టు మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే, చక్కెర తయారీ ‘వాణిజ్యం’ కాదని కోర్టు కొట్టేసింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఒకే ఒక్కడు, జాన్ హార్లన్, ఒప్పుకోలేదు. ఆ పేరు గుర్తుంచుకోండి. అంతకు ఏడాది ముందే, 1894లో, అదే చట్టాన్ని చూపించి కింది కోర్టు పుల్‌మన్ రైల్వే సమ్మె చేస్తున్న కార్మికుల మీద నిషేధాజ్ఞ ఇచ్చింది. పెట్టుబడిదారుల కుమ్మక్కు కోసం చేసిన చట్టం ముందు కాటేసింది కూలివాళ్లను.

ఒహాయోలో మాత్రం ఒక మనిషి ఊరుకోలేదు. రాష్ట్ర అటార్నీ జనరల్ డేవిడ్ వాట్సన్ 1889లో ఒకరోజు కొలంబస్‌లో పుస్తకాల షాపుకెళ్లి, ట్రస్టుల మీద ఒక చిన్న పుస్తకం కొన్నాడు. చివర అనుబంధంగా స్టాండర్డ్ ట్రస్టు ఒప్పందం ఉంది. చదివితే ఒహాయో కంపెనీ తన అనుమతి షరతులను మీరినట్టు స్పష్టంగా కనబడింది. కేసు వేశాడు, 1892లో గెలిచాడు. ట్రస్టు రద్దు చేస్తామని కంపెనీవాళ్లు తలూపారు. ఇంతలో న్యూజెర్సీ రాష్ట్రం ఒక కంపెనీ ఇతర కంపెనీల వాటాలు పెట్టుకోవచ్చని చట్టం మార్చి తలుపులు తెరిచింది. రిజిస్ట్రేషన్ రుసుముల ఆదాయం దానికి ముద్దు. 1899లో స్టాండర్డ్ మొత్తంగా న్యూజెర్సీ హోల్డింగ్ కంపెనీగా మారిపోయింది. బోర్డు మారింది, గది మారలేదు.

ఇక్కడ కథలోకి ఐడా టార్‌బెల్ వస్తుంది. ఆమె తండ్రి ఫ్రాంక్లిన్ చమురు నిలవ చేసే చెక్క తొట్లు చేసేవాడు. 1872 గొడవ నాటికి ఐడాకు పద్నాలుగేళ్లు. తండ్రి ఆ పోరాటంలో ఉన్నాడు, ఇల్లు కుంగిపోవడం ఆమె చూసింది. పెద్దయ్యాక పారిస్‌లో చదివి, లింకన్ జీవితం రాసి, మెక్‌క్లూర్స్ పత్రికలో స్థిరపడింది. 1902 నవంబరు నుంచి రెండేళ్ల పాటు స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను ధారావాహికగా రాసింది. (ధారావాహికలు రాసే మాబోటివాళ్లకు ఆమె పేరు వింటే కాస్త గర్వం, చాలా సిగ్గు.) ఆమె బలం ఆవేశంలో లేదు, కాగితాల్లో ఉంది. కోర్టు సాక్ష్యాలు, శాసనసభ విచారణలు, పాత అఫిడవిట్లు తవ్వి తీసింది. మార్క్ ట్వేన్ పరిచయం చేయగా స్టాండర్డ్ పెద్దల్లో ఒకడైన హెన్రీ రోజర్స్ ఆమెతో నెలల తరబడి మాట్లాడాడు. తమ కథ తాము చెప్పుకుంటే మంచిదనుకున్నాడు పాపం.

ఆమె చేతికి చిక్కిన వాటిలో నన్ను ఆపేసింది ఒక కుర్రాడి సంగతి. స్టాండర్డ్ ఆఫీసులో పనిచేసే ఆ పిల్లవాడికి నెలనెలా పాత కాగితాలు తగలబెట్టే పని. ఒక రాత్రి వాటిలో తనకు తెలిసిన పేరు కనబడింది. ఆదివారం బడిలో తనకు పాఠం చెప్పే మాస్టారిది. ఆయన చిన్న చమురు వ్యాపారి. ఆయన ఎక్కడికి ఎన్ని పీపాలు పంపుతున్నాడో రైల్వే గుమాస్తాలు రాసిచ్చిన చీటీలు అవి. వాటిని చూసి, ఆ సరుకును దారిలో ఎలా ఆపాలో స్టాండర్డ్ మనుషులు కబురంపుతున్నారు. కుర్రాడు ఆ చీటీలు తగలబెట్టలేదు. తీసుకెళ్లి మాస్టారికిచ్చాడు. అవి ఐడా టార్‌బెల్ దగ్గరికి చేరాయి. 1872లో ఒప్పందంలో రాసుకున్న షరతే, ఒప్పందం రద్దయిన చాలా ఏళ్ల తర్వాత కూడా, అలాగే అమలవుతోంది.

అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు అప్పటికి కంపెనీలతో కయ్యం మొదలైంది. 1904లో రైల్వేల కలయిక అయిన నార్తర్న్ సెక్యూరిటీస్ కేసును 5–4 తేడాతో గెలిచాడు. షెర్మన్ చట్టానికి పళ్లొచ్చాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని మరొకటి, దాని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. 1903లో కంపెనీల లెక్కలు పరిశీలించే ప్రత్యేక బ్యూరో పెట్టించాడు. జేమ్స్ గార్‌ఫీల్డ్ నడిపిన ఆ బ్యూరో 1906 మేలో చమురు రవాణా మీద నివేదిక ఇచ్చింది. రహస్య కిరాయిలు ఇంకా ఉన్నాయని రైల్వేల లెక్కలతోనే చూపించింది. జూన్ చివర హెప్‌బర్న్ చట్టం వచ్చింది. గరిష్ఠ కిరాయి నిర్ణయించే అధికారం 1887 నాటి కమిషన్ చేతికిచ్చింది. చమురు పైపులైన్లను కూడా రైళ్లలాగే ఉమ్మడి రవాణా సాధనాలుగా ప్రకటించింది. సొంతదారు ఎవరైనా సరే, కిరాయి చెల్లించే ప్రతివాడి చమురూ మోయాలి. ఇంత పరిమాణానికి తక్కువైతే తీసుకోమని పెద్ద పెద్ద అంకెలు పెట్టి పైపుల కంపెనీలు చిన్నవాళ్లను చాలాకాలం గుమ్మం దగ్గరే నిలబెట్టాయి. అయినా మొదటిసారి తూముకు ఊరి తాళం పడింది.

అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం సెయింట్ లూయీ కోర్టులో న్యూజెర్సీ స్టాండర్డ్ మీద కేసు వేసింది. ప్రభుత్వం తరఫున ఫ్రాంక్ కెలాగ్ వాదించాడు. 444 మంది సాక్షులు, 21 సంపుటాల రికార్డు. మధ్యలో 1907లో లాండిస్ అనే జడ్జి వేరే కేసులో 1,462 వ్యాగన్లకు ఒక్కోదానికి ఇరవై వేల చొప్పున 2.92 కోట్ల డాలర్లు జరిమానా వేసి సంచలనం చేశాడు. పై కోర్టు కొట్టేసింది. అంత తాపత్రయం కేసుకు మేలు చేయదు.

1911 మే 15న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ వైట్ తీర్పు చదివాడు. స్టాండర్డ్ ఆరు నెలల్లో విడిపోవాలి. అయితే చట్టం నిషేధించింది ‘అసమంజసమైన’ అడ్డంకులనే అని ఒక భాష్యం చెప్పాడు. మన హార్లన్ ఇక్కడ మళ్లీ లేచాడు. ఫలితం సరే గాని, కాంగ్రెస్ రాయని మాటను మనం చట్టంలో ఎలా ఇరికిస్తామని మండిపడ్డాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశాడు. ఏది సమంజసమో తేల్చే పని నాటి నుంచీ కోర్టులదే అయింది. పెద్ద కంపెనీల లాయర్లకు అంతకన్నా పెద్ద బహుమతి లేదు.

స్టాండర్డ్ 34 కంపెనీలైంది. కానీ పాత వాటాదారులకే అన్నింటిలో దామాషా ప్రకారం వాటాలు దక్కాయి. దాదాపు పావు వంతు రాక్‌ఫెల్లర్‌దే. కార్ల యుగం మొదలవుతోంది, వాటాల ధరలు ఎగిశాయి. శిక్ష పడ్డవాడు మునుపటికన్నా ధనవంతుడయ్యాడు. పైగా తీర్పు వచ్చేనాటికే కంపెనీ వాటా మూడింట రెండొంతులకు దిగిపోయింది. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మడంతో గల్ఫ్, టెక్సాకో పుట్టాయి. చూశారా, మార్కెట్టే సరిదిద్దుకుంది, చట్టమెందుకు అంటారు కొందరు. టెక్సాస్ 1889లోనే సొంత గుత్త నిరోధక చట్టం చేసుకుందని, దాని కింద స్టాండర్డ్ అనుబంధ కంపెనీ వాటర్స్-పియర్స్‌ను రాష్ట్రం నుంచి గెంటేసిందని వాళ్లు చెప్పరు. కొత్త మొక్కలకు అక్కడ ఎండ తగలడానికి అది ఒక కారణం.

విడిపోవడం వల్ల ఏమీ ఒరగలేదనీ అనలేం. ఇండియానా స్టాండర్డ్‌లో విలియం బర్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చమురును ఒత్తిడిలో కాచి రెట్టింపు పెట్రోలు తీసే పద్ధతి కనిపెట్టాడు. యంత్రాలకు పది లక్షల డాలర్లు అడిగితే, పేలిపోతుందేమోనని న్యూయార్క్ పెద్దలు కాదన్నారు. విడిపోయాక ఇండియానావాళ్లు ఎవరినీ అడగనక్కర లేకపోయింది. 1913 కల్లా ఆ యంత్రాలు నడిచాయి. 1914లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, క్లేటన్ చట్టం వచ్చాయి. మనిషి శ్రమ సరుకు కాదని క్లేటన్ చట్టంలో రాయించుకోవడానికి కార్మిక సంఘాలకు పుల్‌మన్ తర్వాత ఇరవై ఏళ్లు పట్టింది.

ముక్కలు మళ్లీ అతుక్కోవడమూ చరిత్రే. న్యూజెర్సీ ముక్క ఎక్సాన్ అయింది, న్యూయార్కు ముక్క మోబిల్ అయింది, 1999లో రెండూ కలిశాయి. కాలిఫోర్నియా ముక్క 1936లో టెక్సాకోతో కలిసి కాల్‌టెక్స్ పెట్టింది. ఆ కాల్‌టెక్స్ 1957లో విశాఖపట్నంలో రిఫైనరీ నడపడం మొదలుపెట్టింది. స్టాండర్డ్ పిల్ల, స్టాండర్డ్‌కు లొంగని టెక్సాస్ పోటీదారు చేతులు కలిపి మన సముద్రం ఒడ్డున పెట్టిన కొలిమి అది. 1976లో భారత ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపేసింది. అక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు ఇప్పుడు పైపులైను ఉంది. పైపులైనును ఉమ్మడి రవాణా సాధనంగా ప్రకటించి, యజమాని కాని కంపెనీల సరుకు కూడా మోయించే అధికారాన్ని మన పార్లమెంటు 2006లో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుకు ఇచ్చింది. అమెరికాలో హెప్‌బర్న్ చట్టం వచ్చిన సరిగ్గా నూరేళ్లకు.

(వచ్చే వారం: స్పిండిల్‌టాప్ బురదలో పుట్టిన కంపెనీలు)